చెత్త కార్యక్రమాలు ఆపవద్దని మనవి

బీబీసీ డైరెక్టర్ జనరల్ వారి దివ్య సముఖానికి,

విషయం: టీవీ విమర్శకులకు ముడిసరుకు సరఫరా గురించి.

వెటకారం దట్టించిన టీవీ సమీక్షకు బ్రిటన్‌లో ఉన్న గిరాకీ చాలావరకు తమ సంస్థ చలవే. 1982 నవంబరులో ఛానల్ 4 వచ్చేదాకా అక్కడున్నవి మూడే ఛానళ్లు. అందులో రెండు తమవి. రాత్రి ఒక ఇంట్లో చూసిందే పక్కింట్లోనూ చూసేవారు. కాబట్టి సమీక్షకుడికి కథ చెప్పే పని ఉండేది కాదు, చురక పెట్టడమే తరువాయి.

సినిమా సమీక్ష చదివితే టికెట్టు కొనాలో వద్దో తేలుతుంది. టీవీ సమీక్షకు ఆనాడు ఆ ప్రయోజనమూ లేదు. ప్రసారం అయిపోయింది, టీవీ చూసేందుకు కట్టాల్సిన లైసెన్సు రుసుము ఎప్పుడో కట్టేశారు. పోయిన గంట ఎలాగూ తిరిగిరాదు గనుక దాని పేరు చెప్పి ఓ నవ్వయినా రాబట్టుకోవాలని పాఠకుడి ఆశ.

1972 నుంచి 1982 దాకా ‘అబ్జర్వర్’ పత్రికలో టీవీ సమీక్షలు రాసిన క్లైవ్ జేమ్స్ ఈ కిటుకు పట్టుకున్నాడు. గొప్ప నాటకాలపై పెట్టినంత శ్రద్ధ క్రీడా వ్యాఖ్యాతల తడబాటు మీదా పెట్టాడు. తమ ఛానల్లో వచ్చిన అమెరికన్ సీరియల్ ‘డాలస్’ గురించి రాస్తూ, కథ సంగతి అలా ఉంచి అందులోని సూ ఎలెన్ పాత్ర మూతి తిప్పుళ్లను వర్ణించాడు. అంత నిశితంగా వెక్కిరించాలంటే వారం వారం వదలకుండా చూడాలి. ఆ ఇష్టమే ఆయన రాతను తిట్ల దండకం కానివ్వలేదు. టేపులు మళ్లీ వాడుకోవడానికి ఆ రోజుల్లో తమ సంస్థ ఎన్నో కార్యక్రమాలను చెరిపేసింది. ఆయన పెట్టిన చీవాట్లు మాత్రం మూడు సంపుటాలుగా మిగిలాయి.

2000లో ‘గార్డియన్’ పత్రికలో ‘స్క్రీన్ బర్న్’ శీర్షిక మొదలుపెట్టిన చార్లీ బ్రూకర్ నోటికి అడ్డూ అదుపూ లేదు. అయితే ఊరందరికీ వాతలు పెడుతూ, ఇవన్నీ కూర్చుని చూసినందుకు తనకూ ఒకటి పెట్టుకునేవాడు. పాఠకుడు ఆయన్ని నమ్మింది అందుకే. 2006లో తమ బీబీసీ ఫోర్ ఛానలే ‘స్క్రీన్‌వైప్’ పేరిట ఆయనకు పీట వేసింది. రియాలిటీ షోల్లో ఒకరి మాటకు ఇంకెప్పుడో తీసిన మరొకరి ముఖాన్ని అతికించి గొడవ ఎలా పుట్టిస్తారో అందులో విప్పి చూపించాడు. నవ్వుకుందామని కూర్చున్నవారికి ఎడిటింగ్ గుట్టు కూడా తెలిసింది.

కనుక మనవి: చప్పగా సాగే కార్యక్రమాలు విమర్శకులకు పనికిరావు, వాటిని తగ్గించగలరు. ఆర్భాటంగా మొదలై బోర్లాపడేవి మాత్రం యథాప్రకారం సరఫరా చేయగలరు.

ఇట్లు,
తిట్ల రుచి మరిగిన పాఠకలోకం