పెరుగు గిన్నె గోడు

మూడు పాత ప్యాంట్లు, జరీ ఊడిన పట్టుచీర ఒకటి. నా ఖరీదు అంతే. స్టీలు సామాన్ల గంపామెతో గంటసేపు బేరమాడి అమ్మగారు నన్ను ఇంట్లోకి తెచ్చి పాతికేళ్లయింది. నడుం మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు మాత్రం అయ్యగారిది.

రాత్రి పాలు తోడేసేది అమ్మగారే. మీగడ చిన్నవాడికి, గడ్డపెరుగు అయ్యగారికి, తక్కింది పెద్దవాడికి. అందరి కంచాలూ లేచాక ఆవిడ కూర్చునేది. నాలో గ్లాసుడు నీళ్లు పోసి, వేలితో అంచులు గీకి, గిరగిరా తిప్పి అన్నంలో ఒంపుకునేది. “నాకు మజ్జిగే ఇష్టం” అనేది. మజ్జిగంటే నాకు తెలియదా? అవి నన్ను కడిగిన నీళ్లు.

ముప్ఫై ఆరో ఏట తెల్లబట్ట, నడుంనొప్పి అని వెళితే గర్భసంచి తీసేశారు. పనిలో పనిగా అండాశయాలు కూడా. “పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు?” అన్నారట. నలభై ఆరు, నలభై ఏడుకు ఆగాల్సిన ముట్టు పదేళ్ల ముందే ఆగింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్లకు మన రెండు రాష్ట్రాలూ ముందు వరసేనట.

నిరుడు పెరట్లో పాచి మీద జారి చెయ్యి ఆనించింది. మణికట్టు పుటుక్కుమంది. రెండో చేతిలో ఉన్న నాకూ సొట్ట పడింది. స్కాన్‌లో టి-స్కోరు మైనస్ 2.9 వచ్చింది. మైనస్ 2.5కి దిగితేనే ఎముక గుల్లబారినట్టు లెక్కట.

కోడలు స్టాఫ్ నర్సు. “ఎముక రాయి కాదత్తయ్యా. పాతది కరుగుతుంటుంది, కొత్తది పేరుకుంటుంటుంది. ఆ కరుగుడికి అండాశయాలిచ్చే ఈస్ట్రోజెన్ పగ్గం. అది తగ్గాక మొదటి ఐదారేళ్లు మరీ దూకుడు. ముప్ఫై లోపు గట్టిపడిందే తర్వాత ఆసరా” అంది.

తార్నాకలోని పోషకాహార సంస్థ లెక్కలో ఆడవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, ముట్లుడిగాక 1200. కప్పు పెరుగుతో అందులో దాదాపు పావువంతే నిండుతుంది, నా గొప్ప నేనే తగ్గించుకుంటున్నా. అందుకే రాగిజావ, మునగాకు పప్పు, నువ్వులపొడి వచ్చాయి. “నువ్వులు వేడే!” అని అమ్మగారు గునిసింది, కానీ తింటోంది. పాలకూరలో ఉన్న కాల్షియాన్ని ఆక్సలేట్లు పెద్దగా ఒంటబట్టనివ్వవట. డాక్టరు రాసిన కాల్షియం మాత్రను ఐరన్ మాత్రతో కలిపి మింగొద్దంది కోడలు. కాసేపు ఎండలో నడవమంది.

ఇప్పుడు మొదటి గరిటె పెరుగు అత్తగారి కంచంలోనే పడుతోంది. వడ్డించేది కోడలే.

నిన్న రాత్రి డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చింది. అప్పటికే అందరూ తినేశారు. ముప్ఫై రెండేళ్ల పిల్ల నన్ను ఓసారి వంచి చూసి, గ్లాసుడు నీళ్లు పోసి గిరగిరా తిప్పింది.