గోక్కోకు!

వైద్యం చదవకపోయినా మన ఇళ్ళల్లో ప్రతివాళ్ళూ రాసిచ్చే మందు ఒకటుంది: ‘గోక్కోకు!’ ఎగ్జిమా ఉన్నవాళ్ళకి ఇది పరగడుపున ఒకటి, భోజనం తర్వాత రెండు చొప్పున పడుతూనే ఉంటుంది, దమ్మిడీ ఖర్చు లేకుండా. గుణం మాత్రం సున్నా. గోక్కోవాలనిపించే చిరాకుకే దురద అని పేరని 1660లోనే హాఫెన్‌రెఫర్ అనే జర్మన్ వైద్యుడు తేల్చేశాడు. ఆ లెక్కన దురద ఉండగా గోకబుద్ధి కాకూడదనడం, ఆకలేస్తుండగా అన్నం గుర్తు రాకూడదనడమే. పైగా సలహా ఇచ్చే పెద్దమనిషి మాట పూర్తికాకముందే తన మోచెయ్యి గోక్కుంటూ ఉంటాడు. పాపం ఆయన తప్పేం లేదు, ఇది చూస్తే అంటుకునే సరుకు. జర్మనీలో దురద మీద ఉపన్యాసమిచ్చి పురుగుల బొమ్మలు చూపిస్తే సభికుల గోకుడు పెరిగిందని పరిశోధకులు వీడియో తీసి మరీ లెక్కగట్టారు.

మనసు దిటవు చేసుకుంటే ఆగదా అంటారు. పగలు ఆగుతుందేమో, అర్ధరాత్రి నిద్రలో తమ పని తాము చేసుకుపోయే వేళ్ళకి నచ్చజెప్పేదెవరు? గోరు గీసిన చిన్న నొప్పి దురద కబురును వెన్నుపాము దగ్గరే కాసేపు నొక్కిపెడుతుంది, కాబట్టి ఆ హాయి అబద్ధం కాదు. కాకపోతే గోటికి చిట్లిన చర్మం వాస్తుంది, వాచింది మళ్ళీ దురద పెడుతుంది. అందుకే పట్టుకోవాల్సింది చేతిని కాదు, వాపుని. సెట్రిజిన్ పడేస్తే పోదా అంటే, దద్దుర్లయితే పోతుంది, అక్కడ మూలం హిస్టమిన్, సెట్రిజిన్ అడ్డుకునేది దాన్నే. ఎగ్జిమాలో పెత్తనమంతా ఐఎల్-4, ఐఎల్-13, ఐఎల్-31 లాంటి ఇంటర్‌ల్యూకిన్లనే వాపు సంకేతాలది, అవి సెట్రిజిన్ మాట వినవు. మత్తుమాత్ర మనిషిని నిద్రపుచ్చుతుంది గానీ దురదని కాదు.

పనిచేసేవి చప్పగా ఉంటాయి: గోరువెచ్చని స్నానం, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే వాసనలేని మాయిశ్చరైజర్ దండిగా, ఎర్రబడ్డచోట డాక్టరు చెప్పినన్నాళ్ళు స్టెరాయిడ్ క్రీము. ‘అమ్మో, స్టెరాయిడా!’ అనే భయం పూర్తిగా కొట్టేయదగ్గది కాదు, తప్పుగా వాడితే చర్మం పలచబడుతుంది. కానీ ఆ భయస్థులే మందుల షాపు అబ్బాయి చేతికిచ్చిన ట్యూబును తామరకీ, మొహం తెల్లబడటానికీ నిశ్చింతగా పూసేస్తారు. అందులో క్లోబెటసాల్ ఉండొచ్చు, స్టెరాయిడ్ క్రీముల్లో అదే పెద్ద పహిల్వాను! ముదిరిన ఎగ్జిమాకి వాడే డ్యుపిలుమాబ్ ఇంజెక్షన్‌కి 2017లో అమెరికా అనుమతిచ్చింది. దురద తగ్గుతుంది, ధర వింటే గుండె దడ మొదలవుతుంది. అంత స్తోమత లేనివాళ్ళకి 2013లో జర్మన్లే ఒక ఉపాయం చూపించారు. దురద చేతికి బదులు రెండో చేతిని అద్దంలో చూస్తూ గోకితే, మెదడు మోసపోయి దురద కొంత తగ్గిందట. ఇంట్లోవాళ్ళు చూస్తే మాత్రం చర్మం డాక్టరు దగ్గరికి కాక మరో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు.