తెగులోపాఖ్యానము: టీకా తాత్పర్య సహితము

మూలము: శస్యశ్యామలమైన ఆ పల్లెలో అంతుచిక్కని తెగులు ప్రబలి పైరులన్నియు నల్లబడి మాడిపోవుచున్నవి. ఊరిపెద్ద సాహసవీరులను శరణు వేడెను. తూర్పు కొండలో పురాతన సమాధి కలదు. బహుమానము యాభై బంగారు నాణెములు.

అవతారిక: గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికాలో 1974లో లోకానికిచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో పై వాక్యచతుష్టయం ఇంచుమించు నాందీశ్లోకం. బల్ల చుట్టూ నలుగురైదుగురు యోధులుగా, మాంత్రికులుగా, దొంగలుగా వేషం కట్టి (మాటల్లోనే) కూర్చుంటారు. డంజన్ మాస్టర్ అనబడే సూత్రధారి గొంతు బరువు చేసుకుని దీన్ని చదువుతాడు. మాటల కూర్పు మారుతుంటుంది. తెగులు మారదు, సమాధి మారదు, ఆ గొంతు అసలే మారదు. ఆ గొంతు పడలేకనే ఈ వ్యాఖ్య పుట్టింది. మూలంలో లేనిది రాయనని కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆయన ముందున్నది కాళిదాసు కనుక చెల్లింది. నా ముందున్నది ఇది.

శస్యశ్యామలమైన, ఆ, పల్లెలో: సుగమము.

అంతుచిక్కని: ఎవరికి చిక్కనిది అని శంక. రైతుకని పూర్వపక్షం. అది నిలవదు. వరి ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చ లేచి నడుమ బూడిదరంగు తేలితే అగ్గి తెగులని మన పొలంగట్ల మీద ఎవరినడిగినా చెబుతారు. మట్టల మీద పొడలు పాకితే పాముపొడ. సజ్జకంకి గింజ కట్టకుండా ఆకులై విచ్చుకుంటే వెర్రికంకి. ఏ దేశపు రైతైనా ముందు వంగి ఆకు తిప్పి చూస్తాడు. మూలంలో ఒక్కరూ వంగరు. కనుక అంతుచిక్కనిది సూత్రధారికే అని సిద్ధాంతం. అది గోధుమో, బార్లీయో, క్యాబేజీయో కూడా ఆయన ఇంకా నిశ్చయించుకోలేదు.

పైరులన్నియు: ఇది మరీ దుస్సహం. బంగాళాదుంపను మాడ్చే తెగులు టమాటాకూ సోకుతుంది, రెండూ ఒకే కుటుంబం కనుక. పక్క మడిలో గోధుమను ముట్టదు. తెగుళ్ళకు కూడా ఎంగిలి పట్టింపులున్నాయని ఎరుగని కవిసమయం ఇది.

తెగులు: ఇక్కడ ఆగాలి. మన పూర్వులు పంటకు వచ్చే ఆపదలను ఈతులని పేరుపెట్టి ఆరుగా లెక్కించారు: అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు, పొరుగు రాజులు. చిలుకను గమనించవలె. ప్రబంధాల్లో నాయిక ముంజేతిని ఎక్కి రాయబారాలు నడిపే పక్షిని ఈ జాబితా కట్టినవాడు మిడతలదండుకూ దండయాత్రకూ మధ్య కూర్చోబెట్టాడు. జొన్న పాలకంకి మీదున్నప్పుడు ఒక్క పూటైనా మంచె ఎక్కి వడిసెల తిప్పినవాడికే అంత కసి ఉంటుంది. ఈతులు ఏడని మరికొందరి లెక్క. వారు పొరుగు రాజు సేనతో పాటు సొంత రాజు సేననూ చేర్చారు. ఆ ఏడోది రాసిన చేతికి దండం పెట్టాలి. ఏ రాజు కొలువులో ఉండి రాశాడో!

ఇంత చూసినవారు ఆకుమచ్చను ఎందుకు చేర్చలేదు? మొక్కకు రోగం వస్తుందని తెలియక మాత్రం కాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే ఇచ్చాడు. చలి, గాలి, ఎండ రోగకారకాలన్నాడు. చెడిన భాగం కోసి వాయువిడంగాలు, నెయ్యి, మట్టి కలిపి పూయమన్నాడు. ఆ చికిత్స పనిచేస్తుందా అన్నది వేరే చర్చ. అందులో సమాధి మాత్రం లేదు. (ఆట ఏమైందని చదువరికి బెంగ వద్దు. వీరులు సమాధి బీగం దగ్గర పాచికలు వేస్తున్నారు. సమయం పడుతుంది.)

నిజంగా అంతుచిక్కని తెగులే కావాలంటే 1845 సెప్టెంబరు నాటి ఐర్లండుకు వెళ్ళాలి. బంగాళాదుంప మొక్క నల్లబడింది, నేలలో దుంప కుళ్ళింది. లిండ్లీ వంటి వృక్షశాస్త్రజ్ఞుడు తడి ఎక్కువై కుళ్ళిందన్నాడు. బూజే కారణమని 1846లో వాదించినవాడు మైల్స్ బర్క్‌లీ అనే చర్చి గురువు. అది నిరూపించడానికి 1861లో జర్మనీ నుంచి డి బారీ అనే శాస్త్రజ్ఞుడు రావలసివచ్చింది. ఆ బూజుకు ఫైటాఫ్తొరా ఇన్‌ఫెస్టాన్స్ అనే పేరు 1876 నాటిది. అప్పటికి కరువులో సుమారు పది లక్షల మంది పోయి మూడు దశాబ్దాలు. బూజు దుంపనే తిన్నది. ఓట్స్, గోధుమలు మాత్రం ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. సహాయపు ఖర్చు మీద కన్నేసి ఉంచిన లండన్ ఖజానా అధికారి చార్లెస్ ట్రెవెల్యన్ ఈ కరువును దైవసంకల్పంగా ఎంచాడు. ఆయనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. మన కోస్తా జిల్లాలూ ఆయన ఏలుబడిలోవే. ఆరో ఈతి ఎందుకు రాశారో ఇప్పుడు తేటపడుతుంది. మూలంలో మాత్రం పన్ను ప్రస్తావన లేదు, కౌలు లేదు, అప్పు లేదు, గాదెలో గింజ ఎవరిదో లేదు. దోషమంతా సమాధిలోని ఒక అస్థిపంజరం నెత్తిన పెట్టి ఊరుకున్నారు.

సాహసవీరులను: వీరిలో డ్రూయిడ్ అనే వనమాంత్రికుడు ఉండడం కద్దు. ఆట అయిదో కూర్పులో (2014) ‘ప్లాంట్ గ్రోత్’ అనే మంత్రముంది. ఎనిమిది గంటలు నిష్ఠగా జపిస్తే అర మైలు వ్యాసార్ధంలో, అంటే సుమారు 500 ఎకరాల్లో, ఏడాదిపాటు పంట రెట్టింపు. అయిదో స్థాయి డ్రూయిడ్‌కు అది చేతనవును. ఒక్క పగలు గట్టు మీద కూర్చుంటే చాలు. కూర్చోడు. అందులో కత్తియుద్ధం లేదు. ఇదే కూర్పులో ‘బ్లైట్’ (తెగులు) అనే మంత్రమూ ఉంది. మనిషి మీద వేస్తే తప్పించుకోవడానికి సేవింగ్ త్రో అనే పాచిక ఇస్తారు. మామూలు చెట్టు మీద వేస్తే పాచికే లేదు, ఎండిపోవడమే. నియమావళిలో ఇంత నిజాయితీగా రాసిన వాక్యం మరొకటి నాకు కనబడలేదు.

తూర్పు, కొండలో: సుగమము.

పురాతన సమాధి: ప్రమాణగ్రంథం 2000లో వచ్చిన ‘ది సన్‌లెస్ సిటడెల్’. అందులో నేలమాళిగలో వెలివేయబడ్డ డ్రూయిడ్ ఒకడు, రక్తపిశాచిని చంపిన కొయ్యమేకు చిగిర్చి చెట్టయితే, దాన్ని సాకుతుంటాడు. దాని గింజల నుంచి నడిచే పుల్లలు మొలుస్తాయి. కల్పన బాగుంది, కాదనను. దాన్ని చూసి వాతపెట్టుకున్నవారితోనే నా పేచీ. మంత్రగాడి తల తెగిన మరునాడే పొలం పచ్చబడుతుందట. మాడిన పైరు ఎవరి తల తెగినా కంకి వేయదు. మళ్ళీ విత్తనం కావాలి, అదను కావాలి, కోతదాకా తినడానికి గింజలు కావాలి.

యాభై బంగారు నాణెములు: ఇవి ఊరిపెద్ద దగ్గరే ఉన్నాయని మూలాశయం. ఆ అయిదో కూర్పు నియమగ్రంథంలో ధరల పట్టిక ఉంది. పౌను గోధుమలు ఒక రాగి నాణెం, నూరు రాగి ఒక బంగారం. అనగా యాభైకి అయిదు వేల పౌన్లు, మన లెక్కన 22 క్వింటాళ్ళ పైమాటే. ఊరిపెద్ద ఈ లెక్క కట్టి ఉంటే బండి పూన్చుకుని పొరుగూరి సంతకు పోయేవాడు. ఆట జరిగేది కాదు.