ఎనిమిది చక్రాల ఎ320

నేను ఎయిర్‌బస్ ఎ320ని. ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో తయారై, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కొలువులో చేరినదాన్ని. సంస్థ 1989లో మొదలుపెట్టి తెప్పించుకున్న తొలి విడతలో నేనూ ఒకదాన్ని. నా జాతి విమానాలు లోకంలో వేలకు వేలున్నా, నన్ను ఏ మూల నిలబెట్టినా గుర్తుపట్టొచ్చు. మిగతావాటికి రెక్కల కింద పెద్ద చక్రాలు నాలుగైతే నాకు ఎనిమిది. అప్పట్లో మన రన్‌వేలు కొన్ని అంత గట్టివి కావు. బరువంతా ఒక్కచోట పడకూడదని ఇలా ప్రత్యేకంగా చేయించారు. ప్రపంచంలో ఇంకెవరూ ఇలా చేయించుకోలేదు. అందుకు మొదట్లో గర్వంగానే ఉండేది. ఆ చక్రాల సామాను ఏదైనా కావాలంటే పక్క సంస్థను అడిగి తెచ్చుకునే వీలు లేదన్న సంగతి వయసు మళ్లాక గాని అర్థం కాలేదు.

విమానం పక్కనే ఉందని ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడరు. కాక్‌పిట్‌లో కెప్టెన్లు, గ్యాలీలో ఎయిర్‌హోస్టెస్‌లు, నా పొట్ట కింద టెక్నీషియన్లు మాట్లాడుకున్నవన్నీ నా చెవిన పడేవి. 2007లో ఆ మూడు చోట్లా ఒకటే మాట, విలీనం. ఎయిర్ ఇండియాను, మమ్మల్ని కలపడానికి మార్చి 1న కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఆగస్టుకల్లా రెండూ నేషనల్ ఏవియేషన్ కంపెనీ ఆఫ్ ఇండియా లిమిటెడ్ అనే కొత్త సంస్థలోకి వెళ్లాయి. 2005 చివర్లోనే మా సంస్థ పేరును ‘ఇండియన్’ అని కుదించి, తోకల మీద కోణార్క చక్రం వేయడం మొదలుపెట్టారు. రెండేళ్లు తిరక్కుండానే మళ్లీ రంగుల డబ్బాలు తెరిచారు. ఈసారి ఎర్రటి హంస, దాని లోపల నారింజరంగు చక్రం. పేరు మాత్రం ఎయిర్ ఇండియాదే ఉంచారు.

బేగంపేటలో రాత్రి ఆగినప్పుడు నా చక్రాల దగ్గర కూర్చుని టీ తాగే ఇద్దరుండేవారు. ఒకాయన సికింద్రాబాద్ మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు. రెండోవాడు గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడు.

“అన్నా, కలిస్తే జీతాలు పెరుగుతాయంటున్నారు, నిజమేనా?”

“ఎవలన్నరు? మా నాయిన డెక్కన్ ఎయిర్‌వేస్‌ల పనిజేసిండు. యాభై మూడుల గవర్నమెంటు దాన్ని కలిపేసుకున్ననాడు ఆయన గూడ గిట్లనే బుగులువడ్డడు. పైస గురించి గాదు. ఎవని కింద పనిజెయ్యాల్నో అని.”

నాకు ఆయన మీద గురి కుదిరింది ఆ రాత్రే. 1953 ఆగస్టు 1న పని మొదలుపెట్టిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ కూడా ఎనిమిది కంపెనీలను కలిపి చేసిందే. బేగంపేట కేంద్రంగా నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్ వాటిలో ఒకటి. అంటే మేమే ఒక విలీనానికి పుట్టినవాళ్లం. రెండో విలీనానికి అంత బెంబేలెత్తడం చూస్తే నాకు కాస్త నవ్వొచ్చేది.

కలిపితే ఖర్చు తగ్గుతుందని పైవాళ్ల లెక్క. ఆ లెక్క నా పొట్ట కిందికొచ్చేసరికి తేలేది కాదు. మాది దాదాపుగా ఎయిర్‌బస్‌ల దండు, వాళ్ల దూరప్రయాణాలు ఎక్కువగా బోయింగ్‌ల మీద. కొత్త ఆర్డర్లు కూడా అలాగే పెట్టారు: వాళ్లకు 68 బోయింగ్‌లు, మాకు 43 ఎయిర్‌బస్‌లు. బోయింగ్ 777 లైసెన్సున్న ఇంజనీరు ఎంత ఘనుడైనా, నా రకానికి అనుమతి లేకపోతే నన్ను ఎగరడానికి పంపుతూ సంతకం చేయలేడు. పైలట్ల సంగతీ అంతే. కాబట్టి ఒకరి పని ఇంకొకరితో చేయించి మిగుల్చుకునేది పెద్దగా లేదు.

గ్యాలీలో మాటలు ఇంకో దారిన నడిచేవి.

“అక్కా, ఇక మనకూ లండన్ ఫ్లైట్లు వేస్తారా?”

“ముందు వాళ్లు మన విశాఖ రాత్రి ఫ్లైటుకు వస్తారేమో కనుక్కో.”

అసలు యుద్ధం కాక్‌పిట్‌లో. అదేమిటో ఒక ఉదాహరణ చెబితే తెలుస్తుంది. ఒకే ఏడు ఇద్దరు కుర్రాళ్లు ఉద్యోగంలో చేరారనుకోండి, ఒకడు మాలో, ఒకడు వాళ్లలో. మా దగ్గర నాలాంటి చిన్న విమానాలెక్కువ, కమాండర్ కుర్చీలూ ఎక్కువ. మావాడు తొందరగా ఎడమవైపు సీటుకు మారతాడు. వాళ్లవాడు పెద్ద విమానంలో కోపైలట్‌గానే ఇంకా కొన్నేళ్లు ఎదురుచూస్తాడు. ఇప్పుడు రెండు జాబితాలనూ ఒకటి చేయాలి. ఉద్యోగంలో చేరిన తేదీని చూడాలా, కమాండర్ అయిన తేదీని చూడాలా? మొదటిది పెడితే మావాడు మండిపడతాడు, రెండోది పెడితే వాళ్లవాడు. ఏ రూటు, ఏ సెలవు, ఏ కొత్త విమానం మీద శిక్షణ, అన్నీ ఆ వరస మీదే ఆధారపడతాయి. మనిషికి ఒక్కసారే దొరికే చోటు అది. నేను మావాళ్ల పక్షమే, దాపరికం లేదు. అయినా రెండోవాడి బాధ అబద్ధమని అనలేను.

జీతం లెక్కలూ రెండు రకాలే. సమాన వేతనం కావాలని 2011 ఏప్రిల్ 27న మావైపు పైలట్లు సమ్మెకు దిగి, మే 6 దాకా కూర్చున్నారు. నాలాంటివి వరసగా బేలో నిలబడిపోయాయి, వాళ్ల పెద్ద విమానాలేమో ఎగురుతూనే ఉన్నాయి. మరుసటి ఏడు మే నెలలో వాళ్లవైపు పైలట్లు దిగారు. రాబోతున్న బోయింగ్ 787 డ్రీమ్‌లైనర్ మీద మావాళ్లకూ శిక్షణ ఇస్తారన్నది వాళ్ల అభ్యంతరం. 58 రోజులు. ఈసారి పెద్దవి నిలబడ్డాయి, నేను ఎగిరాను. కలిసిన ఐదేళ్లకు కూడా సమ్మె సైతం కలిసి చేయలేకపోయాం. పెట్టెలు మోసే లోడర్లకు, టికెట్టు కొన్న ప్రయాణికులకు రెండుసార్లూ దెబ్బే.

ఈ రెండు సమ్మెల మధ్యలో జీతభత్యాలనూ సీనియారిటీనీ ఒక దారికి తేవడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేశారు. 2012 జనవరిలో నివేదిక వచ్చింది. అప్పటికి మా ఫ్లైట్ నంబర్ల ముందుండే ‘ఐసీ’ కోడ్ పోయి ఏడాది కావస్తోంది. 2011 ఫిబ్రవరి చివర్లో టికెట్ల మీద ‘ఐసీ’ తీసేసి అన్నిటికీ ‘ఏఐ’ పెట్టేశారు. కంప్యూటర్లకు మూడున్నరేళ్లు పట్టిన పని మనుషులకు అప్పటికీ కాలేదు.

తరవాత నాలాంటి పాతవాటిని ఒక్కొక్కటిగా పక్కన పెట్టారు. ఇంజిన్లు తీసేసిన నన్నూ ఒక విమానాశ్రయం చివర నిలిపారు. 2022 జనవరి 27న సంస్థ తిరిగి టాటాల చేతికి వెళ్లింది. 2024 నవంబరు 12న విస్తారా అనే విమాన సంస్థ వచ్చి కలిసింది. అంతకుముందే, ఆ ఏడు ఏప్రిల్‌లో, విస్తారా పైలట్లు కొత్త జీతం ఒప్పందం మీద గొడవపడి ఫ్లైట్లు రద్దయ్యాయి. 70 గంటలకు ఖాయంగా వచ్చే జీతం 40 గంటలకే పరిమితమవుతుందన్నది వాళ్ల బాధ.

నేనున్న మూల దగ్గర స్టాఫ్ బస్సు ఆగుతుంది. ఎండవేళ నా రెక్క కింద నిలబడే కుర్రకారు, జాబితాలో ఎవరు పైన, ఎవరు కింద అని వాదించుకుంటుంటారు. గుంటూరు కుర్రాడికి ఇప్పుడు జుట్టు నెరిసింది. మొన్నొక రోజు వాళ్ల వాదన అంతా విని, బస్సెక్కబోతూ వెనక్కి తిరిగాడు.

“ఆ జాయినింగ్ ఆర్డరు ఇంట్లో జాగ్రత్తగా పెట్టుకోండి తమ్ముడూ. జెరాక్సు కాదు, ఒరిజినలు.”