సెటిలయ్యారండీ, 2027 సెప్టెంబరు దాకా

మా అక్క ఫోనులో హలో అనడం మానేసింది. తెనాలి నుంచి చెయ్యగానే మొదటి మాట, "ఒరేయ్, పిల్ల డల్లాస్‌లో సెటిలైపోయిందిరా." ఈ మాట మొట్టమొదట అన్న రోజుకి పిల్ల విమానం దిగి పదకొండు రోజులు. తీసుకెళ్ళిన రెండు పెట్టెల్లో ఒకటి ఎక్కడో దారిలోనే ఉండిపోయింది, ఆవకాయతో, ఇడ్లీ రేకులతో సహా. పడుకోడానికి నేలమీద పరుపు. కూచుని తినడానికీ ఆ పరుపే. అయినా సరే, సెటిలైపోయింది.

మన భాషలోకొచ్చిన ఇంగ్లీషు ముక్కల్లో ఇంత చాకిరీ చేసేది ఇంకోటి లేదు. 1802లో కుంఫిణీవాళ్ళు ఉత్తర సర్కారుల్లో జమీందార్లకి రాసిచ్చినదాన్ని పర్మనెంట్ సెటిల్‌మెంట్ అన్నారు. 1948లో చట్టం చేసి జమీందారీలు ఎత్తేశారు కాబట్టి పర్మనెంటు అంటే ఎన్నాళ్ళో మనకి తెలుసు. రిజిస్ట్రారాఫీసులో కొడుక్కి రాసిచ్చే దస్తావేజూ సెటిల్‌మెంటే. ఖాళీ స్థలం మీద తగువొస్తే, పొద్దుపోయాక తెల్లచొక్కాల పెద్దమనుషులు కూచుని తేల్చేదీ సెటిల్‌మెంటే. ఆంధ్రా నుంచి వచ్చి కూకట్‌పల్లిలో ముప్ఫయ్యేళ్ళుగా ఇల్లు కట్టుకుని, పన్ను కట్టి, మనవల్ని కూడా ఎత్తుకున్నాయన ఎన్నికలొచ్చేసరికి "సెటిలర్" అయిపోతాడు. డల్లాస్‌లో ముప్ఫై రోజులు అద్దెకున్న కుర్రాడు మాత్రం "సెటిల్డ్". మాట ఒకటే. తోకలో ఒక్క అక్షరం మారితే ఒకాయన పరాయివాడు, ఇంకొకడు పెళ్ళికొడుకు.

వలసపోయిన తెలుగువాళ్ళలో, నాకు తెలిసి, మాట జారనిది తుంగభద్ర రైతులే. డ్యాము కట్టారు, నీళ్ళొస్తాయి అని విని 1950ల్లో కోస్తా జిల్లాల నుంచి ఉన్నదమ్ముకుని ఇప్పటి కర్ణాటకలోని సింధనూరు, గంగావతి వైపు వెళ్ళారు. రేగడి దున్నారు, మాగాణి చేశారు, మిల్లులు పెట్టారు, గుళ్ళు కట్టారు. మూడు తరాలు అక్కడే పుట్టాయి. ఇంతా చేసి, ఆ ఊళ్ళని ఇవాళ్టికీ ఏమంటారో తెలుసా? క్యాంపు. ఫలానా క్యాంపు, ఫలానావారి క్యాంపు. భూమి కొని, ఊరు కట్టి, డెబ్భయ్యేళ్ళున్నవాడు క్యాంపు అంటున్నాడు. మూడేళ్ళ కాగితం చేతిలో ఉన్నవాడి అత్తగారు సెటిలయ్యాడంటోంది.

మా అల్లుడు, అంటే అక్క కూతురి మొగుడు, మంచి పిల్లాడు. ముందే చెబుతున్నా, ఇందులో అతని తప్పేం లేదు. టెక్సాస్‌లోనే ఎమ్మెస్ చదివాడు, లాటరీలో పేరొచ్చింది, 2024 అక్టోబరు నుంచి హెచ్-1బి, అంటే ఉద్యోగం మీద ఇచ్చే వీసా. ఏడాదికి 65 వేల వీసాలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి పైన ఇంకో 20 వేలు. అతని పేరొచ్చిన ఏడాది అడిగినవాళ్ళు అంతకి ఎన్నో రెట్లు కాబట్టి కంప్యూటరు చీటీలు తీసింది. చీటీ తగిలితే మూడేళ్ళు, ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు. ఈలోగా గ్రీన్‌కార్డు దారిలో కాస్త దూరం నడవకపోతే అంతటితో సరి. అంటే మా అల్లుడు 2027 సెప్టెంబరు దాకా సెటిలయ్యాడు. టెక్సాస్ వాళ్ళకి మనకున్న మొహమాటం లేదు, అతని డ్రైవింగు లైసెన్సు మీద గడువుగా ఆ తేదీనే అచ్చేసి ఇచ్చారు. పెళ్ళి శుభలేఖ మీద కూడా వేయించి ఉంటే బాగుండేది.

సంబంధం తెచ్చినాయన నోట నేను విన్న మొదటి మాట, "స్టాంపింగు కూడా అయిపోయిందండీ." అంటే పాస్‌పోర్టులో వీసా ముద్ర పడిందని. గేదెని కొనేటప్పుడు ఎన్నో ఈత, పూటకెన్ని లీటర్లు అని అడుగుతాం. ఇక్కడ ఆ పాటి ఆరా కూడా లేదు. మా బావగారు మోకాళ్ళ నొప్పులతోనే చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళి, పిల్లకి వీసా రావాలని పదకొండు ప్రదక్షిణలు చేశారు. నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్లో పని జరిగాక మొక్కు తీర్చడానికి నూట ఎనిమిది. మొత్తం నూట పంతొమ్మిది. అన్ని చుట్లలో ఒక్క చుట్టులోనైనా పక్కనవాణ్ణి, "బాబూ, హెచ్-4 అంటే ఏమిటి?" అని అడిగారా అంటే, లేదు.

హెచ్-4 అంటే ఉండొచ్చు, తినొచ్చు, చదువుకోవచ్చు, కారు నడపొచ్చు. ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు. 2015 నుంచి ఒక వెసులుబాటు ఉంది. భర్త గ్రీన్‌కార్డు కాగితాల్లో ఐ-140 అనేది మంజూరైతే, భార్య పని పర్మిట్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. మా అల్లుడి కంపెనీ ఆ కాగితాల పని మొదలెట్టి, మధ్యలో "ప్రస్తుతానికి ఆపాం" అంది. కాబట్టి గచ్చిబౌలిలో నాలుగేళ్ళు టెస్టింగ్ చేసిన పిల్ల, కింద ఇద్దరు కుర్రాళ్ళకి పని నేర్పిన పిల్ల, నాన్న కంటి ఆపరేషనుకి తనే డబ్బు కట్టిన పిల్ల, ఇప్పుడు సోషల్ సెక్యూరిటీ నంబరైనా లేకుండా కూచుంది. ఫోను అతని ప్లానులో. బ్యాంకు కార్డు అతని ఖాతాకి తోక. అపార్ట్‌మెంటు అగ్రిమెంటులో రెండో పేరు. హైదరాబాదులో సొంత జీతంతో బతికినన్నాళ్ళూ ఆ పిల్ల మన లెక్కలో "ఇంకా సెటిలవ్వలేదండీ, చూస్తున్నాం." జీతం పోయింది, పదవి పోయింది, తన పేరు మీద ఉన్న సిమ్ కార్డు కూడా పోయింది, సెటిలైపోయింది. ఈ కూడికా తీసివేతా ఏ బళ్ళో నేర్పారో గాని, మా ఇంట్లో అందరికీ వచ్చు. సంబంధం కుదిరిన రోజు మిఠాయి పంచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు పెళ్ళి ప్రకటనల్లో గోత్రం, నక్షత్రం తర్వాత ఐ-140 కూడా రాస్తున్నారు. మంచిదే. జాతకంతో పాటు ప్రయారిటీ డేటు కూడా కలపాలి మరి. మనకి పంచాంగం ఏడాదికొకటి, అమెరికా విదేశాంగ శాఖ మాత్రం వీసా బులెటిన్ అని నెలకొకటి వేస్తుంది. ఏ దేశంవాళ్ళలో ఏ తేదీ దాకా గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డవాళ్ళని పిలుస్తారో అందులో ఉంటుంది. మనవాళ్ళు ఎక్కువగా నిలబడే వరసల్లో ఇబి-2 ఒకటి. 2022 సెప్టెంబరులో ఆ వరసలో ఇండియా తేదీ 2014 డిసెంబరు. మరుసటి నెలకి 2012 ఏప్రిల్. ఆ డిసెంబరుకి 2011 అక్టోబరు. మన సిద్ధాంతులు దీన్ని వక్రగతి అంటారు. శని కూడా వక్రించినప్పుడు ఇంత దూరం వెనక్కి నడవడు, పైగా కొన్ని నెలల్లో మళ్ళీ దారిన పడతాడు. ఇక్కడ మూడేళ్ళు గడిచి 2025 అక్టోబరు వచ్చినా తేదీ 2013 ఏప్రిల్ దగ్గరే కూచుంది. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, మామూలుగా ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం దాటకూడదు. 1990లో రాసుకున్న లెక్క ఇది. గుంటూరు నగరమంత జనం కూడా లేని ఐస్‌లాండ్‌కి ఎంత హద్దో, మనకీ అంతే హద్దు. 2013లో వరసలో నిలబడ్డప్పుడు చంకనెత్తుకున్న పిల్ల ఇప్పుడు ఓణీలకి వచ్చింది. ఆ పిల్లకి ఇరవయ్యొకటి నిండితే తండ్రి వీసా నీడ కూడా ఉండదు. మా అల్లుడు ఇంకా వరసలోనే లేడు. వరసలో నిలబెట్టమని కంపెనీని అడిగే వరసలో ఉన్నాడు.

2025 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వాళ్ళింట్లో ఉన్నాను, డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో, మూడో అంతస్తు. వంటింటికీ హాలుకీ మధ్య గోడ ఉండదు. ఒక రాత్రి ఎనిమిదిన్నరకి, అంటే తెనాలిలో పొద్దున ఏడింటికి, అక్క వీడియో కాల్ చేసింది. పక్కన కాఫీ గ్లాసులతో ఇద్దరు ముగ్గురు ఇరుగమ్మలు. "ఏదీ, ఫ్రిజ్ తెరిచి చూపించవే." పిల్ల ఒక చేత్తో ఫోను ఫ్రిజ్‌కేసి పట్టుకుని, ఇంకో చేత్తో పప్పులోకి తాలింపు వేస్తోంది. ఎండుమిరపకాయ నల్లబడిందో లేదో, నెత్తిమీద పొగ అలారం ఇల్లెగిరిపోయేట్టు అరవడం మొదలెట్టింది. అల్లుడు ల్యాప్‌టాప్ పక్కన పడేసి స్టూలెక్కి, తువ్వాలుతో దాని మొహాన విసురుతున్నాడు. నేను బాల్కనీ తలుపు లాగుతున్నాను, అది రాదు. పిల్ల మాత్రం కెమెరా అంగుళం కదల్చలేదు. ఫ్రిజ్, ఫ్రిజ్‌లో పెరుగు డబ్బాలు, కొత్తిమీర కట్టలు. "ఆ చప్పుడేమిటే?" అంది అక్క. "వాషింగ్ మెషీనమ్మా, బట్టలయ్యాయంటోంది." అక్క వెనక్కి తిరిగి, "చూశారా, అయిపోతే అదే పిలుస్తుందట" అంది ఇరుగమ్మలతో.

మర్నాటి నుంచి తాలింపు బాల్కనీలో, చిన్న కరెంటు పొయ్యి మీద. ఆ పొయ్యి కొత్తది. హాల్లో సోఫా కొత్తది కాదు. దాని కథ వేరే ఉంది. అదే కాంప్లెక్సులో ఒక తెలుగు జంట ఉండేవాళ్ళు. కుర్రాడి ఉద్యోగం పోయింది. పోయిన రోజు నుంచి అరవై రోజుల లోపల కొత్త కంపెనీ వీసా కాగితాలు పెట్టాలి, లేదా పెట్టె సర్దాలి. యాభై రోజులు చూశారు. యాభయ్యొకటో రోజున వాట్సాప్ గ్రూపులో "మూవింగ్ సేల్" అని పెట్టారు. సోఫా నలభై డాలర్లు, సగం మిగిలిన సోనామసూరి బస్తా ఊరికే. ఆ అమ్మాయి పోపుల డబ్బా కూడా ఉన్నది ఉన్నట్టే ఇచ్చి వెళ్ళింది. ఆ రాత్రి అలారాన్ని అరిపించిన ఆవాలు వాళ్ళవే. వాళ్ళమ్మ కూడా ఏ తణుకులోనో, నంద్యాలలోనో కూచుని పిల్ల సెటిలైపోయిందని చెప్పుకునే ఉంటుంది.

టీవీ మాత్రం అచ్చంగా కొత్తదే, గోడకి సరిపోయేంత. ఒకరోజు ఊరికే కూచోలేక అల్మరా గది సర్దబోయాను. తలుపు తీస్తే బట్టల కన్నా అట్టపెట్టెలే ఎక్కువ. టీవీ పెట్టె, మానిటరు పెట్టె, మిక్సీ పెట్టె, లోపల థర్మాకోల్ ముక్కలు కూడా ఏ మూలవి ఆ మూల. పారేద్దామని టీవీ పెట్టె లిఫ్టుదాకా ఈడ్చాను. అల్లుడు మీటింగులోంచి లేచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. "మామయ్యగారూ, అది మాత్రం ఉండనివ్వండి. మళ్ళీ కావాలంటే దొరకదు." ఇద్దరం మోసుకొచ్చి మళ్ళీ అక్కడే పెట్టాం. ఈ దేశంలో నీ పరిస్థితేమిటి నాయనా అని ఎవరైనా అతన్ని అడగాలనుకుంటే, నోటితో అడగక్కర్లేదు. ఆ తలుపు తీస్తే చాలు.

సెప్టెంబరు 19 శుక్రవారం కూడా నేనక్కడే ఉన్నాను. హెచ్-1బికి లక్ష డాలర్లు కట్టాలని ఆ సాయంత్రం ట్రంప్ సంతకం పెట్టాడు. అప్పటి మన లెక్కలో 88 లక్షలు. ఎవరికి, ఎప్పుడు, ఏడాదికోసారా, ఒక్కసారేనా, సంతకం పెట్టిన రాత్రి ఎవరికీ తెలియదు. ఊరెళ్ళినవాళ్ళు ఆదివారంలోగా వచ్చెయ్యాలని కంపెనీల నుంచి మెయిళ్ళు. శాన్ ఫ్రాన్సిస్కోలో విమానమెక్కి కూచున్నవాళ్ళు కూడా దిగిపోయారు. కింది అంతస్తు కుర్రాడు సెలవుకని విజయవాడ వెళ్ళి, సెలవు సగంలోనే టాక్సీ ఎక్కాడు. శనివారానికి, అబ్బే, కొత్త అర్జీలకే, ఒక్కసారే అన్నారు. అప్పటికి ఆ కుర్రాడు దుబాయిలో ఉన్నాడు. మా ఇంట్లో ఆ శుక్రవారం రాత్రంతా ఎవరూ పడుకోలేదు. తెల్లారగట్ల అక్క ఫోను. "దసరాకి ఏం కొంటున్నారే? ఇల్లు చూస్తున్నారటగా?"

పిల్ల అల్లుడికేసి చూసింది. "చూస్తున్నాం అమ్మా" అంది.

నేను తిరిగొచ్చి అక్కని చూడ్డానికి తెనాలి వెళ్ళాను. ఎంత మెల్లగా చెప్పాలో అంత మెల్లగా చెప్పాను. మూడేళ్ళని, చీటీలని, బులెటిన్‌ని, పోపులడబ్బాని. అక్క శ్రద్ధగానే వింది. "అంటే అంతా మంచికేగా, సెటిలైనట్టేగా?" అంది చివరికి. ఈలోగా పక్కింటావిడ పెరుగు తోడుకని వచ్చింది. అక్క ఫోను తీసి టీవీ ఫోటో చూపించింది. గోడ నిండా టీవీ, ముందు నలభై డాలర్ల సోఫా, దాని మీద ఇద్దరూ నవ్వుతూ. ఆవిడ ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి, టీవీని, సోఫాని, తర్వాత అల్లుణ్ణి తీరిగ్గా చూసింది.

"అబ్బాయికి తమ్ముడెవరైనా ఉన్నాడా వదినా?"