హెచ్‌డీఎంఐ కేబుల్: టీకా తాత్పర్య సహితం

మూలం: “24కే గోల్డ్ ప్లేటెడ్ హైస్పీడ్ 4కే హెచ్‌డీఎంఐ కేబుల్ 3 మీటర్లు.”

అవతారిక: కొత్త టీవీ కొన్న ప్రతి గృహస్థూ ఎలక్ట్రానిక్స్ దుకాణంలో పారాయణ చేయవలసిన గ్రంథమిది. కర్త అజ్ఞాతుడు. అట్టపెట్టె మీద ఉన్నది ఒకే వాక్యం, దానికీ క్రియ లేదు. ‘కొనుము’ అని అధ్యాహారం చేసుకోవాలి. దుకాణదారు ఆ పని ముందే చేసి, బిల్లు పుస్తకం తీసి ఉంటాడు.

ప్రతిపదార్థం: 24కే గోల్డ్ ప్లేటెడ్ = కొసలకు మేలిమి బంగారు పూత గలదియు; హైస్పీడ్ = సెకనుకు 10.2 గిగాబిట్లు మోయగలదియు; 4కే = అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కల బొమ్మను చేరవేయునదియు; హెచ్‌డీఎంఐ = బొమ్మను, శబ్దాన్ని ఒకే తీగలో నడుపునదియు, 2002లో సోనీ, ఫిలిప్స్, తోషిబా మొదలగు ఏడు కంపెనీలచే ప్రకటింపబడినదియు; 3 మీటర్లు = అంత పొడవు గలదియు అగు; కేబుల్ = తీగను; (కొనుము).

అలంకారం: యమకం. మొదటి ‘కే’ క్యారట్లు, రెండో ‘కే’ వేలు.

తాత్పర్యం: పెద్ద అక్షరాల బంగారాన్ని చూసి మురియక, చిన్న అక్షరాల వేగాన్ని, పొడవును చూసి కొనవలెనని భావం.

విశేషాలు: విద్యుత్తును మోయడంలో బంగారం కంటే రాగే మెరుగు. బంగారం గుణమల్లా తుప్పు పట్టకపోవడం. కాకినాడ, విశాఖల ఉప్పుగాలిలో అది పనికొచ్చే గుణమే. అయితే ఆ పూత చవక కేబుళ్లకూ ఉంటుంది.

“ఖరీదైన కేబుల్ వేస్తే రంగులు నిండుగా వస్తాయి కదా” అని పూర్వపక్షం. ఈ వాదం పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల తీగల కాలం నాటిది. పసుపుది బొమ్మ, తెలుపుది ఎడమ శబ్దం, ఎరుపుది కుడి శబ్దం. అందులో నడిచేది అనలాగ్ సంకేతం కాబట్టి నాసి తీగ వేస్తే బొమ్మ మసకబారేది, స్పీకర్లో గుయ్యిమనేది. హెచ్‌డీఎంఐలో నడిచేవి అంకెలు. అవి సరిగ్గా చేరితే చవక తీగలోనూ అదే బొమ్మ. చేరకపోతే రంగు వెలవదు. తెర మీద మెరుపు చుక్కలు రాలతాయి, బొమ్మ వచ్చి పోతుంటుంది, లేదా తెర మొత్తం నల్లబడుతుంది. కనుక పూర్వపక్షం నిలవదు.

ఇక ‘హైస్పీడ్ 4కే’. అబద్ధం కాదు, అర్ధసత్యం. 10.2 గిగాబిట్లలో 4కే బొమ్మ సెకనుకు 30 ఫ్రేములే సాగుతుంది. 60 ఫ్రేములిచ్చే స్ట్రీమింగ్ స్టిక్‌కు 18 గిగాబిట్ల ‘ప్రీమియం హైస్పీడ్’ కావాలి. 4కేలో 120 ఫ్రేముల ఆటలకు 48 గిగాబిట్ల ‘అల్ట్రా హైస్పీడ్’ తగినది. ప్లేస్టేషన్ 5 పెట్టెలో అది వెంటే వస్తుంది. హెచ్‌డీ సెట్‌టాప్ బాక్స్‌కు మాత్రం మామూలు హైస్పీడే ఎక్కువ.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో “హెచ్‌డీఎంఐ 2.1 కేబుల్” అని కనిపిస్తుంది. ఇది ప్రక్షిప్తం. వెర్షన్ అంకెలు పరికరాలకే గాని కేబుళ్లకు చెల్లవు. వాటిని కేబుల్ మీద వేయరాదని లైసెన్సు నియమం. పెట్టె మీది ధ్రువీకరణ లేబుల్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి చూసుకోవడమే ప్రమాణం.

‘3 మీటర్లు’ అన్న పదాన్ని తేలికగా తీసుకోరాదు. తీగ పొడవయ్యేకొద్దీ సంకేతం సన్నగిల్లుతుంది. 48 గిగాబిట్లకు అయిదు మీటర్లు దాటిన రాగి తీగను నమ్మడం కష్టం. హాలు చివరి ప్రొజెక్టర్‌కు ఆప్టికల్ ఫైబర్ హెచ్‌డీఎంఐ వాడతారు. అది ఏకముఖి: ఒక కొస పరికరానికి, రెండోది తెరకు అని దాని మీదే రాసి ఉంటుంది. చూడకుండా కన్సీల్డ్ పైపులో తిరగేసి లాగితే, తేడా తెలిసేది గోడకు రంగులేశాకే.

శంక: అన్నీ చూసి కొన్నా సౌండ్‌బార్ మూగగా ఉందేమి?

సమాధానం: అది స్థానదోషం, కేబుల్ దోషం కాదు. టీవీ వెనక మూడు నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులున్నా, సాధారణంగా ఒక్కదాని పక్కనే ‘ఏఆర్‌సీ’ లేదా ‘ఈఏఆర్‌సీ’ అని ఉంటుంది. టీవీ శబ్దం సౌండ్‌బార్‌కు వెళ్లేది దాని గుండానే. సెట్టింగ్స్‌లో, పరికరాలను ఒకదానితో ఒకటి మాట్లాడించే సీఈసీ కూడా ఆన్ చేయాలి. సామ్‌సంగ్ వారు దీన్ని ఎనీనెట్ ప్లస్ అన్నారు, ఎల్‌జీ వారు సింప్‌లింక్ అన్నారు, సోనీ వారు బ్రావియా సింక్ అన్నారు. నామభేదమే గాని వస్తుభేదం లేదు.