చెదరగొట్టినందుకు ఎనిమిది వందలు

అప్పుడే నిద్రలేచి, తలైనా దువ్వుకోకుండా బయటికొచ్చినట్టు కనపడాలంటే మగవాడు ఎంత ముందు నిద్రలేవాలి? తక్కువలో తక్కువ ముప్పావుగంట. లేయర్ కటింగ్ మహత్యం అది. పెళ్లాం చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి "ఇంకా ఎంతసేపు" అని అరిచే హక్కు మన జాతి ఈ కటింగ్‌తోనే పోగొట్టుకుంది.

ఇదేదో కొత్త అవతారం అనుకునేరు. స్టెప్ కటింగ్ అని చేయించుకుని, చెవులు కప్పేసి, పెళ్లి ఫొటోలో మూలన నిలబడ్డ బాబాయి ప్రతి ఇంటి ఆల్బంలోనూ ఉంటాడు. ఆ ఫొటో చూసి పగలబడి నవ్విన పిల్లలే ఇప్పుడు అదే తలకు అపాయింట్‌మెంట్ తీసుకుని మరీ వెళ్తున్నారు. 2003లో 'తేరే నామ్' చూసొచ్చి నడినెత్తిన పాపిడి తీసి, రెండు చెంపల మీదికీ జుట్టు వదిలినవాళ్లకు ఇవాళ నలభై దాటాయి. ఆనాటి ఫొటో ఎవడైనా ఫేస్‌బుక్‌లో పెడితే అర్ధరాత్రి ఫోన్ చేసి తీసేయమని బతిమాలుకుంటున్నారు. ధోనీ జులపాలను 2006లో లాహోర్‌లో సాక్షాత్తూ పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ మెచ్చుకుని, కత్తిరించుకోవద్దని సలహా ఇచ్చాడు. మరుసటేడు టీ20 ప్రపంచకప్పు గెలిచాక ఆ జులపాలూ పోయాయి. దేశాధ్యక్షుడి సిఫార్సే రెండేళ్లు నిలవని చోట, ఇన్‌స్టా లైకులకు జుట్టు పెంచుతున్నారు.

విద్యగా చూస్తే మంచి విద్యే, కాదనను. పాయను దువ్వెనతో నెత్తికి నిటారుగా లేపి కత్తిరిస్తారు. పైది పొట్టిగా, కిందది పొడుగ్గా, ఒకదాని మీద ఒకటి అంచెలంచెలుగా పడుతుంది. ఒత్తు జుట్టుకు బరువు తగ్గుతుంది. ఉంగరాల జుట్టైతే ఆరాక పైకి ముడుచుకుంటుంది కనుక కాస్త ఎక్కువే ఉంచాలి. ఇవన్నీ చేసేవాడికి తెలుసు. కానీ కూర్చున్నవాడు నోరు తెరవడు, ఫోన్ తెరుస్తాడు. అందులో విజయ్ దేవరకొండ. ఆ జుట్టు వెనక ఒక హెయిర్ డ్రెస్సరు, నాలుగు లైట్లు, ఒక పెద్ద ఫ్యాను ఉన్నాయి. ఈ కుర్చీలో ఉన్న నుదురు ఇప్పటికే నడినెత్తి వైపు బయల్దేరి ఉంది. స్టైలిస్టుకు కనపడదా? కనపడుతుంది. అయినా "చేసేద్దాం సార్" అంటాడు. వద్దన్న సలహాకు బిల్లు వెయ్యలేడు మరి. ఉన్న నాలుగు వెంట్రుకల్లో రెండింటిని పళ్ల కత్తెరతో పలచన చేసి, జేబుకు చిల్లున్నవాడి దగ్గర చిల్లర కొట్టేసినంత సునాయాసంగా పని ముగిస్తాడు.

ఇక సుడి సంగతి. దాన్ని చూసే తీరిక ఎవరికీ లేదు. అమ్మమ్మ మాత్రం పురిటిగదిలోనే చూసింది, రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లని తేల్చేసింది. సుడి దగ్గర పొట్టిగా లేయర్ తీశారంటే అక్కడి జుట్టు నిక్కబొడుచుకుంటుంది, ఎన్ని డబ్బాలు పూసినా పడుకోదు. జుట్టు పెరిగేది నెలకు అరంగుళం. అంటే ఓ రెండు మూడు నెలలు ఆ పిలకతోనే ఆఫీసు, ఆ పిలకతోనే పెళ్లిచూపులు. రెండోదాని మాట దేవుడెరుగు, మొదటిదే గండంలో పడుతుంది.

ఇంటికొచ్చాక అసలు సేవ మొదలు. తలస్నానం చేసి తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలి. తడి ఉండగానే సీ సాల్ట్ స్ప్రే కొట్టాలి. డ్రయర్ పెట్టి వేళ్లతో కుదుళ్లు లేపాలి. చివర్లో సెనగగింజంత మ్యాట్ క్లే అరచేతుల్లో నలిపి కొసలకు పట్టించాలి. సీ సాల్ట్ స్ప్రే అంటే కంగారు పడకండి, సీసాలో పోసిన ఉప్పునీళ్లే. అపార్టుమెంటు బోరునీళ్లకు జుట్టు రాలిపోతోందని బాత్రూం కుళాయికి ఫిల్టరు బిగించుకున్న పెద్దమనిషే, ఆ ఫిల్టరు నీళ్లతో తల కడిగి, వందలు పోసి కొన్న ఉప్పునీళ్లు పైన జల్లుకుంటాడు. ఇదే సరుకు విశాఖ ఆర్కే బీచ్‌లో ఊరికే దొరుకుతుంది.

ఇంత చేసి బండెక్కాలి. హెల్మెట్ పెడితే పది నిమిషాల్లో అంచెలన్నీ నెత్తికి అతుక్కుపోతాయి. అందుకని దాన్ని మోచేతికి తగిలించుకుంటాడు. తలకు దెబ్బ తగిలితే కుట్లు వేస్తారు, లేయర్లు చెదిరితే ఎవరు వేస్తారు? విజయవాడ మే నెల ఎండలో ఈ జాగ్రత్త కూడా దండగే. బెంజిసర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగేసరికి క్లే కరిగి కనుబొమల మీదికి దిగుతుంది.

డబ్బు మాట కూడా చెప్పుకోవాలి. సెలూన్ సేవల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం కాస్తా 5 శాతం చేశారు. అయినా మాల్లో ఏసీ, కాఫీ, మెడకు నల్లగుడ్డ, తల కడగడానికి వేరే కుర్చీ కలిపి ఎనిమిది వందలు. మనవాడు కిక్కురుమనడు. వీధి చివర, మంగళవారం మూసే సెలూన్‌లో మాత్రం గీచి గీచి బేరం. తరాలుగా ఊరికి క్షవరమూ చేసి, పెళ్లిలో సన్నాయీ డోలూ వాయించిన నాయీబ్రాహ్మణ కుటుంబం అది. అక్కడి పెద్దాయన దగ్గర కూర్చుంటే "ఏరా, తొందరగా కానియ్" అనడం మనవాడి మర్యాద. వయసు ఇరవయ్యేళ్లు తేడా ఉన్నా సరే, ఆ ఏకవచనం వాడికి ఆస్తిలా సంక్రమించింది.

ఆ పెద్దాయన కొడుకు ఇప్పుడు మాల్లో పనిచేస్తున్నాడు. అదే ఇంట్లో నేర్చిన చెయ్యి, అదే పట్టు. నల్ల ఏప్రన్ కట్టుకుని, ఛాతీకి పేరు తగిలించుకుని వెనక అద్దం పట్టి చూపిస్తే, మనవాడు తల ఇటూ అటూ తిప్పి "సూపర్ బ్రో, థాంక్యూ" అంటాడు. తండ్రి దగ్గర 150కి రెండు వందల నోటిచ్చి, మిగతా యాభై లెక్కపెట్టి తీసుకున్న చెయ్యి, కొడుక్కి ఆ యాభై టిప్పు పెడుతుంది.